ఆరున్నర లక్షల సీడ్ గ్రాంటు, మూడు డిపార్ట్‌మెంట్లు, ఒక కెమెరా

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి మూడు స్టార్లు. అందులో స్కీముకి ఒకటిన్నర, మిగతా ఒకటిన్నర మా తెలుగు మాస్టారికి. మిక్సీలకీ ఫోన్లకీ వందల రివ్యూలు ఉంటాయి గానీ యూనివర్సిటీ ఇచ్చే సీడ్ గ్రాంటు ఎలా ఉందో తీసుకున్నవాళ్లు ఒక్కరూ నోరు విప్పరు, కారిడార్‌లో ఆపి అడిగితే "బాగానే ఉందండీ" అని నవ్వేసి వెళ్లిపోతారు. దాంతో ప్రతి ఏడాదీ కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు మేం పడ్డ గోతిలోనే వచ్చి పడుతున్నారు. యూనివర్సిటీ పేరు మాత్రం అడక్కండి, ఫైనల్ యూసీ (డబ్బు ఖర్చు పెట్టిన లెక్క కాగితం) మీద సంతకాలు ఇంకా కావాలి నాకు.

సరుకు ఏమిటో ముందు చెప్తా. రాష్ట్ర యూనివర్సిటీ తన సొంత నిధుల్లోంచి ఇచ్చే ఇంటర్‌డిసిప్లినరీ సీడ్ గ్రాంటు. గరిష్ఠంగా 8 లక్షలు, గడువు 18 నెలలు. కనీసం రెండు వేర్వేరు ఫ్యాకల్టీల వాళ్లు కలిసి రావాలి, అంటే ఫిజిక్సూ కెమిస్ట్రీ కలిస్తే కుదరదు, సైన్సూ ఆర్ట్సూ కలవాలి, లేదా ఇంజనీరింగూ లా కలవాలి. డబ్బు రెండు విడతలు: సగం ముందు, మిగతా సగం మొదటి సగానికి లెక్క చెప్పాక. దీంతో పెద్ద పరిశోధన అయిపోతుందని ఎవరూ అనుకోరు, ఏదో ఒక తొలి ఫలితం చూపించి దాన్ని పట్టుకుని బయట పెద్ద గ్రాంటుకి వెళ్లాలి, అదీ ఉద్దేశం.

ఉన్నట్టుండి ఈ దాతృత్వం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నాకూ మొదట్లో అనుమానమే. తర్వాత తెలిసింది. కాలేజీలకీ యూనివర్సిటీలకీ గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ల లెక్కలో మూడో క్రైటీరియన్ కింద అధ్యాపకులకి సీడ్ మనీ ఎంత ఇచ్చారో యూనివర్సిటీ లెక్క చూపించాలి, 3.1.2 అనే ఆ నిబంధన అంకె మా ఐక్యూఏసీ (నాణ్యత చూసుకునే విభాగం) వాళ్ల నోట్లో మంత్రంలా నానుతూ ఉంటుంది. దానికి తోడు 2020 జాతీయ విద్యా విధానం వచ్చాక మల్టీడిసిప్లినరీ అన్న మాట లేకుండా ఒక్క సర్క్యులరూ రావడం లేదు. రెండూ కలిపితే ఈ స్కీము. తప్పేం లేదు, ఎందుకు వండినా అన్నం అన్నమే. కాకపోతే ఇచ్చేవాళ్లకి కావలసింది 'ఇచ్చాం' అనే కాగితం కాబట్టి, ఆ డబ్బు మన చేతికి ఎప్పుడొచ్చింది, వచ్చినదాన్ని ఖర్చు పెట్టగలిగామా అన్నది ఎవరికీ పట్టదు. ఈ సంగతి మొదట్లోనే తెలిసుంటే నాకు బీపీ మాత్ర కొంచెం ఆలస్యంగా మొదలయ్యేది.

నాది కెమిస్ట్రీ. తెలుగు డిపార్ట్‌మెంట్‌కీ మాకూ మధ్యలో క్యాంటీన్ ఉంది, అంతకుమించి సంబంధం లేదు. ఒకరోజు గారెలు అయిపోయి, ఉత్త టీతో సరిపెట్టుకుంటూ మాస్టారూ నేనూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాం. మాటల్లో ఆయన, తమ బీరువాలో తాళపత్రాల కట్టలున్నాయనీ, ఎప్పుడో ఎవరో పల్లెటూరి ఇంట్లోంచి తెచ్చి ఇచ్చి వెళ్లారనీ, అందులో రెండు కట్టల్లో సగం ఆకులు చదవడానికి రావడం లేదనీ చెప్పారు. "అక్షరాలు పోయాయా మాస్టారూ?" అంటే, "పోలేదమ్మా, మసి పోయింది" అన్నారు.

ఆ ఒక్క ముక్కకి నేను పడిపోయాను. తాటాకు మీద రాసేది సిరాతో కాదు కదా, గంటంతో గీస్తారు. గీశాక మసీ నూనే కలిపి ఆకంతా పూసి తుడిచేస్తే గీతల్లో మాత్రం మసి నిలబడి అక్షరం నల్లగా కనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆకు ముదిరి కాఫీపొడి రంగుకొస్తుంది, మసి కొంత రాలిపోతుంది, మిగిలిన మసీ ఆకూ ఒకే చీకట్లో కలిసిపోతాయి. కలిసిపోయేది మన కంటికి కనిపించే వెలుతురులో మాత్రమే. మసి అంటే కార్బన్, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే ఎరుపుకి అవతల మన కంటికి కనిపించని వెలుతురులో కూడా అది వెలుతురుని మింగేస్తుంది. ముదిరిన ఆకు మాత్రం ఆ వెలుతురుని చాలావరకు తిప్పి పంపుతుంది. అంటే ఇన్‌ఫ్రారెడ్‌లో ఫొటో తీస్తే ఆకు తెల్లబడి అక్షరం నల్లగా పైకి తేలాలి. మసి మొత్తం రాలిపోయిన చోట గాడి ఒక్కటే మిగులుతుంది, దానికి పక్క నుంచి ఏటవాలుగా లైటు కొడితే నీడ పడుతుంది, ఆ నీడే అక్షరం. ఇందులో నేను కనిపెట్టింది ఏమీ లేదు, పాత పెయింటింగుల మీదా పాత ప్రతుల మీదా చాలా దేశాల్లో చేస్తున్న పనే. మా బీరువా దాకా ఎవరూ రాలేదంతే. ఫొటోలోని అక్షరాన్ని మెషీన్ చేత గుర్తుపట్టించడానికి కంప్యూటర్ సైన్స్ నుంచి ఒక కుర్ర లెక్చరర్‌ని లాగాం.

సరిగ్గా అప్పుడే సర్క్యులర్ వచ్చింది. అది రాకపోతే ఈ ముచ్చట టీ గ్లాసులతో పాటే కడిగేసేవాళ్లు. అందుకు ఒక స్టారు ఇచ్చాను, వెనక్కి తీసుకోను.

దరఖాస్తు ఆరు పేజీలు, నాకు మూడు ఆదివారాలు. తర్వాత ఇంటర్వ్యూ. సైన్సు వైపు కూర్చున్నాయన "ఇందులో కొత్త కెమిస్ట్రీ ఏముందమ్మా?" అన్నారు. నిజమే, లేదు. ఆర్ట్స్ వైపు కూర్చున్నావిడ "ఆ గ్రంథానికి సాహిత్యపరంగా విలువ ఎంత?" అని అడిగితే మాస్టారు "చదివితే గదండీ తెలిసేది" అన్నారు. గదిలో అందరూ నవ్వారు గానీ మార్కులు అక్కడే పోయాయని నా అనుమానం. కెమిస్ట్రీ తక్కెడలో తూచినా, తెలుగు తక్కెడలో తూచినా మా పని తేలికగానే తూగుతుంది, ఎందుకంటే అది ఆ రెండింటి మధ్యలో ఉంది. రెండు వైపులా కాలు పెట్టినవాళ్లు కమిటీలో ఒక్కరున్నా ఈ గోల ఉండేది కాదు. అడిగింది 8 లక్షలు, ఇచ్చింది ఆరున్నర. ఎందుకు తగ్గించారో కాగితం మీద లేదు.

ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. నా పీజీ క్లాస్‌మేట్ ఒకడు యాన్ ఆర్బర్‌లో ఉంటాడు, నా ఏడుపు విని వాడు చెప్పిన సంగతి ఇది. మిషిగన్ యూనివర్సిటీలో 2012లో ఎంక్యూబ్డ్ అని మొదలుపెట్టారు, మొదటి విడతకి కోటిన్నర డాలర్లు. చేరిన ప్రతి ప్రొఫెసర్ పేరు మీదా 20,000 డాలర్ల టోకెన్ ఉండేది, కానీ ఒక్కళ్లే వాడుకోవడానికి వీల్లేదు. కనీసం రెండు వేర్వేరు విభాగాల నుంచి ముగ్గురు కలిసి టోకెన్లు ఒకచోట పెడితే 60,000 డాలర్లు, ఒక విద్యార్థినో పోస్ట్‌డాక్‌నో పెట్టుకుని పని మొదలుపెట్టేసేవాళ్లు. మామూలు గ్రాంటుల్లాగా సమీక్షా కమిటీ, ఇంటర్వ్యూ, మార్కులు ఉండేవి కావు. ముగ్గురు పెద్దమనుషులు తమ తమ టోకెన్ తీసి దీనిమీద పెట్టారంటే అంతకన్నా సమీక్ష ఏముంటుందన్నది వాళ్ల లెక్క. అమెరికాలో అంతా ఇలాగే అని కాదు, స్టాన్‌ఫర్డ్‌లో బయో-ఎక్స్ వాళ్ల సీడ్ గ్రాంట్లు 2000 నుంచి నడుస్తున్నాయి, అక్కడ వడపోత గట్టిదే, డబ్బూ పెద్దదే. మనకి వాళ్ల డబ్బు రాదు, అర్థమైంది. కానీ ఆరున్నర లక్షలకి మేం పెట్టిన సంతకాలు లెక్కేస్తే, ఒక్కో సంతకానికి ఎంత పడిందో తేల్చడానికి మా కుర్ర లెక్చరర్ ఒక ఎక్సెల్ షీట్ కూడా చేశాడు. ఆ అంకె ఇక్కడ రాయను.

అసలు నరకం కొనుగోళ్లు. శాంక్షన్ ఆర్డర్ ఆగస్టులో వచ్చింది, డబ్బు మా ప్రాజెక్టు హెడ్‌లో (ఖర్చు పద్దులో) పడింది నవంబర్‌లో, 18 నెలల గడియారం మాత్రం ఆగస్టు నుంచే తిరుగుతోంది. మాకు కావలసింది ఒక డీఎస్ఎల్ఆర్ కెమెరా, దాని సెన్సర్ ముందు ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకునే ఫిల్టర్ ఒకటి ఉంటుంది, దాన్ని తీయించేయాలి. చెప్పడానికి ఒక్క వాక్యం. ఫైనాన్స్ సెక్షన్‌లో ఈ వాక్యంలోని ప్రతి మాటా సమస్యే. సెకండ్ హ్యాండ్ కొంటే చాలు, లక్షణంగా పనిచేస్తుంది, కానీ పాత వస్తువు కొనకూడదు. సరే కొత్తది కొంటాం, అంటే విప్పించకూడదు. అక్కడి సూపరింటెండెంట్ గారు చాలా మర్యాదగా అడిగారు: "మేడమ్, కొత్త కెమెరా కొని మీరే విప్పించి లోపలి పార్టు తీసి పారేయిస్తామంటున్నారు, రేపు ఆడిట్ వాళ్లకి నేనేం చెప్పాలి?" నిజం చెప్పాలంటే మంచి ప్రశ్నే. నా దగ్గర జవాబు లేదు. చివరికి ఫిల్టర్ తీసి అమ్మే డీలర్‌ని పట్టుకుంటే మూడు కొటేషన్లు కావాలన్నారు, మాకు తెలిసి ఆ పని చేసేవాడు ఒక్కడే. మిగతా రెండు ఎలా తెచ్చామో కూడా ఇక్కడ రాయను.

పర్చేజ్ కమిటీ రెండు నెలలకోసారి కూర్చుంటుంది. జనవరిలో కోరం లేదు. మార్చిలో కూర్చున్నారు, ఓకే అన్నారు, ఈలోగా మార్చి 31 వచ్చింది, ఖర్చు కాని డబ్బు మురిగిపోయింది, దాన్ని తిరిగి వాడుకోనివ్వమని మళ్లీ రీవాలిడేషన్‌కి ఫైలు. కెమెరా నా బల్ల మీదకి వచ్చేసరికి మే నెల మూడో వారం. ఏరువాక అయిపోయాక విత్తనాలు పంచినట్టు. లైట్లకి మాత్రం ఈ గొడవ పెట్టుకోలేదు, 940 నానోమీటర్ల ఎల్ఈడీ స్ట్రిప్పులు సొంత డబ్బుతో బజార్లో కొనేశాను, అట్టపెట్టెకి అతికించేశాను. మొత్తం ప్రాజెక్టులో అనుకున్న రోజుకి వచ్చిన సరుకు అదొక్కటే.

కేంద్రం 2025 జూన్‌లో పరిశోధన సంస్థలకి కొనుగోలు రూల్సు సడలించింది. కొటేషన్లు లేకుండా నేరుగా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలు చేసింది, సైన్సు పరికరాలకి జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ బయట కొనే అధికారం డైరెక్టర్లకీ వీసీలకీ ఇచ్చింది. రెండో విడతలో కెమెరా స్టాండు కొనేటప్పుడు ఆ ఆర్డరు ప్రింటు తీసి పట్టుకెళ్లాను. "మనకి వర్తించదు మేడమ్" అన్నారు, చదవకుండానే. తీరా చూస్తే నిజంగానే వర్తించదు, మాది రాష్ట్ర యూనివర్సిటీ, డబ్బు సొంతం, రూల్సూ సొంతం.

బడ్జెట్ వేసేవాళ్లకి రెండు మాటలు, తొందరగా చెప్పేస్తా. పరికరం ధర మీద 18 శాతం జీఎస్టీ కలుపుకోండి, 2022 జులై దాకా పరిశోధన సంస్థలకి 5 శాతమే ఉండేది, ఆ రోజులు తలుచుకుని పాత రేటు వేసి మేం దెబ్బ తిన్నాం. ఇక మనిషి. ఈ స్కీములో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌కి నెలకి 20,000 కన్నా ఎక్కువ ఇవ్వకూడదు. 2023 నుంచి జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) నెలకి 37,000 అయ్యాక, దానికి అర్హతనిచ్చే నెట్ పరీక్ష పాసైన పిల్లలెవరూ ఆ డబ్బుకి రారు, పోనీ జేఆర్ఎఫ్ రేటే ఇద్దామంటే ఏడాదికి 4.44 లక్షలు, మా గ్రాంటులో మూడింట రెండొంతులు. ఒక ఎంఏ తెలుగు అమ్మాయి వచ్చింది, చాలా చురుకైన పిల్ల, నాలుగు నెలలు చేసి డీఎస్సీ కోచింగ్‌కి వెళ్లిపోయింది. నేనే ఆ అమ్మాయి అయితే నేనూ వెళ్లిపోయేదాన్ని.

ఇన్ని తిట్టాక మూడు స్టార్లు ఎందుకంటే, మే నెలాఖర్లో ఒక సాయంత్రం వల్ల. తెలుగు డిపార్ట్‌మెంట్ లైబ్రరీ గది కిటికీలకి పాత సెమినార్ ఫ్లెక్సీలు కట్టి చీకటి చేశాం. ఫ్యాన్ తిరిగితే ఆకు కదులుతుందని ఫ్యాన్ కూడా ఆపేశాం, ముగ్గురం చెమటలో ఈదుతున్నాం. కంటికి బెల్లం అచ్చులా కనిపిస్తున్న ఆకు లాప్‌టాప్ మీద బూడిదరంగుకి మారింది, దానిమీద ఆరు వరుసలు, నల్లగా, నిన్న రాసినట్టు. మాస్టారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి స్క్రీన్‌కి ముక్కు ఆనించినంత పని చేసి, "కొంచెం ఎడమకి జరుపమ్మా... ఆగు" అని చదవడం మొదలుపెట్టారు. పదాల మధ్య ఖాళీ ఉండదు కదా, ఊపిరి తీసుకోవడానికి చోటు లేనట్టు ఒక దమ్ములో చదువుకుంటూ పోయారు. కావ్యం కాదు, పురాణం కాదు. గొడ్ల వైద్యం. కడుపు ఉబ్బిన ఎద్దుకి ఏం నూరి పట్టాలో రాసి ఉంది. ఇంటర్వ్యూలో సాహిత్య విలువ అడిగినావిడ అప్పుడు గదిలో ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఇంకో ముచ్చట. మెషీన్‌కి అక్షరాలు నేర్పుతున్న మా కుర్రాడు ఒకరోజు చాలా హుషారుగా వచ్చి, "మేడమ్, డోసులు కూడా దొరికాయి" అన్నాడు. చూస్తే చూణ౯ము అని ఉంది. ౯ అంటే తొమ్మిది కాబట్టి ఏదో తొమ్మిది పాళ్లు వేయమంటున్నారని వాడి లెక్క, అలాంటివి ముప్పై దాకా దొరికాయి, వాటితో ఒక పట్టిక కూడా వేశాడు. మాస్టారు చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. అది అంకె కాదట, వలపల గిలక. ఇప్పుడు మనం ర కింద ణ వత్తు పెట్టి చూర్ణము అని రాస్తున్నాం, పాతకాలంలో ఆ రకారపు పొల్లుని అక్షరానికి కుడి పక్కన గిలకలా పెట్టేవాళ్లు, వలపల అంటేనే కుడివైపు. చూడటానికి అచ్చం తొమ్మిదే. కుర్రాడి పట్టిక మొత్తం చూర్ణాలే. ఆ పొరపాటు ఏ కోడ్ చూసినా దొరకదు, నా స్పెక్ట్రోమీటర్‌కి అసలే దొరకదు, నలభై ఏళ్లుగా పాత తెలుగు చదువుతున్న మనిషి పక్క కుర్చీలో ఉండబట్టి దొరికింది. ఇంటర్‌డిసిప్లినరీ అన్న మాట సర్క్యులర్లలో వందసార్లు చదివాను గానీ నాకు అర్థమైంది ఆ పట్టిక చూసి వాడి మొహం వాడిపోయినప్పుడే.

పేపర్ వేద్దామంటే అక్కడో తగాదా. యూజీసీ 2018 రెగ్యులేషన్ల ప్రకారం ఇద్దరు రచయితలుంటే ఒక్కొక్కరికి ప్రమోషన్‌కి లెక్కేసే పాయింట్లలో 70 శాతం, ఇద్దరు దాటితే మొదటి రచయితకో కరస్పాండింగ్ రచయితకో 70, మిగిలినవాళ్లకి తలా 30. ముగ్గురు కలిసి పనిచేయమని ఒక చేత్తో గ్రాంటు ఇచ్చి, మూడోవాడు చేరగానే ఇంకో చేత్తో పాయింట్లు కోస్తున్నారన్నమాట. మాస్టారు తనకి పాయింట్లతో పని లేదని పక్కకి తప్పుకున్నారు, అందువల్ల మా ఇద్దరికీ గొడవ రాలేదు. అందరికీ అలాంటి మూడోవాడు దొరకడు, కాబట్టి దరఖాస్తు పెట్టకముందే ఎవరి పేరు ఎక్కడ అన్నది కాగితం మీద రాసుకోండి, మొహమాటం వద్దు.

తీసుకోవచ్చా అంటే తీసుకోండి. కానీ సర్క్యులర్ వచ్చాక భాగస్వామిని వెతకడం మొదలుపెడితే వద్దు, అప్పటికే ఎవరితోనైనా ఆరు నెలలు టీ తాగి ఉంటేనే పెట్టండి. పరికరం కొనాల్సిన ప్రాజెక్టు అయితే పక్క డిపార్ట్‌మెంట్‌లో అది ముందే ఉందేమో చూడండి, డబ్బంతా కన్స్యూమబుల్స్‌కీ (వాడితే అయిపోయే సరుకులకీ) ఫీల్డ్ ప్రయాణాలకీ అడగండి, అవి త్వరగా కదులుతాయి. డబ్బు మార్చి లోపల చేతికి రాదనుకునే ప్లాన్ వేసుకోండి. బయటి గ్రాంటులకి ఇది పనికొస్తుందా అంటే మాకైతే దారి కనిపిస్తోంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జ్ఞాన భారతం మిషన్ కోటికి పైగా రాతప్రతుల సర్వే, పరిరక్షణ అంటోంది, 2023 చట్టంతో వచ్చిన, పరిశోధనలకి నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ లక్ష్యాల్లోనూ సైన్సు, సామాజిక శాస్త్రాలు, మానవీయ శాస్త్రాలు కలిసే చోటుకి జాగా ఉంది. చూపించడానికి మా దగ్గర 41 ఆకుల ఫొటోలున్నాయి, సీడ్ గ్రాంటు లేకపోతే అవీ లేవు.

యూనివర్సిటీ రెండో దశ సీడ్ గ్రాంటు కూడా ప్రకటించింది, ఈసారి 15 లక్షలు. పెడదామని ఫారం తెరిస్తే మూడో పేజీలో ఒక నిబంధన, టీములో ప్రతి ఒక్కరికీ కనీసం మూడేళ్ల సర్వీసు మిగిలి ఉండాలట. మాస్టారు ఈ జూన్‌లో రిటైర్ అవుతున్నారు. కన్సల్టెంట్‌గా పెడదామంటే ఆ హెడ్ లేదు, గౌరవ సలహాదారు అంటే టీఏ (ప్రయాణ భత్యం) రాదు. "టీఏ దేనికమ్మా, ఇల్లు ఇక్కడే కదా" అన్నారాయన. అది కాదు మాస్టారూ సమస్య అంటే నవ్వి, వలపల గిలకతో వచ్చే మాటలన్నీ పాత అడ్మిషన్ ఫారాల వెనక వరుసగా రాసి ఉన్న కట్ట ఒకటి చేతిలో పెట్టారు, కుర్రాడికి ఇవ్వమని.

కెమెరా స్టాక్ రిజిస్టర్‌లో కెమిస్ట్రీ పేరు మీద ఉంది, ఉంటున్నది ఆయన బీరువాలో. మూడు డిపార్ట్‌మెంట్ల వస్తువుని మూడు రిజిస్టర్లలో ఎక్కించడానికి వీల్లేదు కాబట్టి అలా చేశాం. ఇప్పుడు రిటైర్ అయ్యే ఆయనకి నో డ్యూస్ (బాకీలేవీ లేవన్న కాగితం) రావాలంటే కెమెరా మా ల్యాబ్‌కి రావాలి. శుక్రవారం అటెండర్‌ని పంపించి తెప్పించుకోమన్నారు. ఆకులు అక్కడే ఉంటాయి.